పదిహేనో ఎత్తు పక్కన రెండు గీతలు

మరోదా, భిలాయి
14 ఏప్రిల్ 2024

అమ్మా రోహిణీ,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడకు. కొత్తగా ఎవరికీ ఏమీ కాలేదు. ఈ ఇంట్లో ఇప్పుడున్నది మీ జోగమ్మత్తా నేనూ, ఇద్దరం మామూలుగానే తిరుగుతున్నాం. ఫోను చేద్దామంటే నా సంగతి నీకు తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళు రైల్ మిల్లు రొదలో పనిచేసిన చెవులు ఇవి. ఎవరైనా దగ్గరకొచ్చి చెవిలో అరిస్తే నాలుగు మాటలు దొరుకుతాయి, ఫోనులో ఒక్కటీ దొరకదు. టైపు చేయడానికి చూపు ఆనదు. మీ అత్తకి చదవడం రాదు. అందుకని ఉత్తరం. నువ్వూ తెలుగులోనే రాయి. ఎంత వంకరగా రాసినా నాకు అర్థమవుతుంది. సెక్టర్ క్వార్టర్ వసారాలో నీకూ మా అరుణకీ ఒక పక్క చదరంగం, ఒక పక్క అ ఆ లు నేర్పింది నేనే కదా. చదరంగం వచ్చినంత బాగా తెలుగు రాలేదు నీకు, అది వేరే సంగతి.

అరుణ పోయి ఏడు నెలలయింది. మొన్న ఉగాదికి ఇల్లు దులుపుతుంటే దాని బ్యాగు కిందపడింది. మిల్లువాళ్ళు తిరిగిచ్చిన బ్యాగే. మీ అత్త మేకుకి తగిలించింది, అప్పటినుంచి ఎవరమూ తెరవలేదు. లోపల టిఫిను డబ్బా, గొడుగు, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఉన్నాయి. రాయపూర్ పోటీలో మీ ఇద్దరి ఆట రాసుకున్న షీటు, కార్బన్ కాపీ. తెల్లపావులు అరుణకుమారి, నల్లపావులు రోహిణి. ముప్ఫై ఒక్క ఎత్తులు. చివర సున్నా, ఒకటి.

ఆ పోటీ గురించి నాకు తెలిసింది కొంచెమే. రైల్వే క్రీడాకోటాలో ఆడపిల్లలకి రెండు కొలువులు ఉన్నాయని, ఆఖరి రౌండుకి ముందు మీ ఇద్దరూ అందరికంటే పైనున్నారని, మీ ఆట డ్రా అయితే ఇద్దరికీ ఉద్యోగం వచ్చేదని. ఎవరు ఓడినా వాళ్ళ చోటులోకి కోర్బా అమ్మాయి వచ్చేస్తుంది. ఓడింది అరుణ. వచ్చేసింది కోర్బా అమ్మాయి.

ఇంటికొచ్చిన సాయంత్రం దాన్ని గుమ్మంలోనే నిలబెట్టాను. "డ్రా అడిగితే సరిపోయీదానికి గెలవాలని ఎందుకెల్లినావు? నీ పొగరే నిన్ను ముంచీసినాది" అన్నాను. అది వంగి బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. తలెత్తలేదు. పదకొండు రోజులు నేను దానితో మాట్లాడలేదు. పన్నెండో రోజున, ఆడింది చాలు ఇక పని చూసుకోమని, తెలిసిన కాంట్రాక్టు పనుల ఠేకేదారుకి చెప్పి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్రైవేటు మిల్లులో పెట్టించాను. ధరమ్‌కాటా దగ్గర లారీలు తూచి చీటీలు రాసే పని. ఆ మిల్లు పేరు రాయడం నాకిష్టం లేదు. సెప్టెంబరు వానలో ఇనుప బిల్లెట్లు వేసుకున్న ట్రైలరు వెనక్కి వస్తూ అది కూర్చునే రేకుల గదిని నొక్కేసింది. మిగతాది నీకు తెలుసు. నువ్వొచ్చావు, చూశావు.

ఇప్పుడు నేను నిన్ను అడిగేది ఒకటే. ఆ రోజు అరుణ నిన్ను డ్రా అడిగిందా, లేదా? అడిగి ఉంటే నేను తిట్టిన తిట్టు అబద్ధం. అడగకపోతే నిజం. ఏదైనా సరే, నాకు తెలియాలి. తెలియకుండా ఆ కాగితం ముందు కూర్చోలేకపోతున్నాను.

ఇంకొకటి. పదిహేనో ఎత్తు పక్కన అది బ్రాకెట్లో రెండు చిన్న అడ్డగీతలు పెట్టింది. మా రోజుల్లో అలాంటి గుర్తు లేదు. అదేమిటో కూడా రాయి.

మీ నాన్న రాజేంద్ర కర్రతో నడుస్తున్నాడని విన్నాను. అడిగానని చెప్పు.

మావయ్య
చినబాబు


ఖుర్దా రోడ్
27 ఏప్రిల్ 2024

చినబాబు మావయ్యగారికి నమస్తే.

మీ ఉత్తరం అందింది. ఆలస్యమైనందుకు మాఫ్ చేయండి. తెలుగులో రాసి చాలా ఏళ్ళయింది. ముందు హిందీలో రఫ్‌గా రాసుకుని, తర్వాత ఒక్కొక్క మాట తెలుగులోకి దించుతున్నాను. తప్పులుంటే నవ్వుకోండి.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఆఫీసులో పని ఎక్కువ. ఉదయం నుంచి పార్సిల్ కాగితాలే. క్వార్టర్ ఇంకా దొరకలేదు, ఇద్దరు ఒడియా అమ్మాయిలతో ఒక గదిలో ఉంటున్నాను. ఉద్యోగం వచ్చింది కానీ నా డిగ్రీ శిక్ష ఇంకా రెండేళ్ళుంది. ఆదివారాలు కూడా శిక్షలోనే పోతాయి. ఇక్కడ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కానీ వాళ్ళు మాట్లాడే తెలుగు చాలా స్పీడు.

మీరు ఆట గురించి అడిగారు. నేను సిసిలియన్ డిఫెన్స్ ఆడాను. మీరు నేర్పిందే. నల్లపావులు వచ్చాయి కదాని మూల కూర్చుని ఏడవకూడదు, అటువైపు నుంచి దూసుకెళ్ళాలి అనేవారు కదా. దీదీ కూడా బాగానే ఆడింది. రాజుని మంత్రి వైపు కోటలో పెట్టుకుంది. సగం దాకా ఎవరిది పైచేయో చెప్పలేని ఆట. తర్వాత నాది కలిసొచ్చింది.

ఆ రెండు గీతల గుర్తు బరాబర్ అని. ఆట ఇద్దరికీ సమానంగా ఉందని ఆటగాళ్ళు తమ కోసం రాసుకుంటారు. దానికి వేరే అర్థం లేదు.

దీదీ డ్రా అడగలేదు మావయ్యా. దీదీ సంగతి మీకు తెలుసు కదా, ఎప్పుడూ గెలవాలనే ఆడుతుంది.

ఇవన్నీ తలుచుకుని ఆరోగ్యం పాడుచేసుకోకండి. ఎండలు బాగా ఉన్నాయి, బయట తిరగకండి. జోగమ్మత్తకి నా ప్రణామాలు చెప్పండి.

మీ
రోహిణి


మరోదా
10 మే 2024

అమ్మా రోహిణీ,

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. "డిగ్రీ శిక్ష ఇంకా రెండేళ్ళుంది" అన్న చోట ఆమె గుండె మీద చెయ్యేసుకుంది. "ఏటి సేసినాదట గుంట? ఎవులేసినారు శిక్ష?" అని నా చెవిలో అరిచింది. నాకూ ఒక నిమిషం పట్టింది. హిందీలో శిక్ష అంటే చదువు, తెలుగులో శిక్ష అంటే జైలు. ఇక మీదట చదువు అని రాయి. లేకపోతే మీ అత్త బెయిలు కోసం బయల్దేరేలా ఉంది. చాలా రోజుల తర్వాత ఆమె కొంచెం నవ్వింది, అందుకు నీకు మెచ్చుకోలు.

అయితే నేను తిట్టింది నిజమే అన్నమాట. అది అడగలేదు. నిజమని తెలిస్తే తేలికపడతానేమో అనుకున్నాను. పడలేదు. నాది తప్పని నువ్వు రాస్తే బాగుండునని లోపల ఎక్కడో ఉన్నట్టుంది.

ఆ సంగతి అక్కడితో వదిలేద్దామనే అనుకున్నాను. కానీ కాగితం ఉంది, బల్ల ఉంది, ఎండకి బయటికి వెళ్ళలేని ముసలాణ్ణి నేనున్నాను. పాత పావులు తీశాను. ఒక నల్ల బంటు పోయింది, దాని చోట మాత్రల సీసా మూత పెట్టాను. మీ ఆట మొదటినుంచి ఆడుకుంటూ వచ్చాను. రోజుకి నాలుగైదు ఎత్తులు. "ఏటి సూస్తన్నావు అందులో, కాగితం మాటాడతాదేటి?" అని మీ అత్త రెండుసార్లు వచ్చి అరిచింది. మాట్లాడుతుంది, ఆమెకెలా చెప్పను.

పద్నాలుగో ఎత్తు దాకా మా అరుణ ఆటే. ఎక్కడా తడబాటు లేదు. పదిహేనో ఎత్తులో రాజుని బి1 గడికి జరిపింది. మంచి ఎత్తే, ఎవరైనా ఆడతారు. పక్కన నీ బరాబర్ గుర్తు. పదహారులో రాజుని మూలకి, ఎ1 కి జరిపింది. పదిహేడులో మళ్ళీ బి1 కి తెచ్చింది. అవతల నువ్వు సిసిలియన్‌లో సి వరస నిండా ఏనుగుల్ని నింపుతుంటే, ఇది రాజుని అటొకసారి ఇటొకసారి నడిపించింది. పద్దెనిమిది నుంచి ఆట అయిపోయింది. తర్వాతి పదమూడు ఎత్తులూ నీళ్ళలో కొట్టుకోవడమే.

రోహిణీ, నేను ప్లాంటు పోటీల్లో పందొమ్మిదేళ్ళు ఆడాను. గెలవాలని మిడిసిపడేవాళ్ళని చూశాను, భయపడేవాళ్ళని చూశాను. ఇది రెండూ కాదు. పొగరున్న పిల్ల రెండు ఎత్తులు ఊరికే పారేసుకోదు. ఎవరో ఏదో చెబుతారని ఆగిన మనిషి ఆడే ఆట ఇది. అది ఎవరికోసం ఆగింది? బల్లకి అవతల నువ్వు తప్ప ఎవరూ లేరు.

నేను నిన్ను నిలదీయడం లేదు. నాకు మింగుడుపడనిది ఇదొక్కటే. మళ్ళీ అడుగుతున్నాను, అది నిన్ను డ్రా అడిగిందా?

మావయ్య
చినబాబు


ఖుర్దా రోడ్
2 జూన్ 2024

మావయ్యగారికి,

అడిగింది.

మొదటి ఉత్తరంలో నేను మీకు అబద్ధం రాశాను. ఆ రెండు గీతలు బరాబర్ కాదు. డ్రా అడిగితే, అడిగిన ఎత్తు పక్కన ఆ గుర్తు పెట్టాలని రూలు. దీదీ రూలు ప్రకారం పెట్టింది.

అంతా రాస్తాను. ఆ రోజు పొద్దున్న హాలు బయట టపరీ దగ్గర మేమిద్దరం టీ తాగాం. దీదీకి పోహా తినబుద్ధి కాలేదు, నాకిచ్చేసింది. పాయింట్లన్నీ చేతి మీద పెన్నుతో రాసి చూపించింది. "దేఖ్, డ్రా అయితే ఇద్దరం లోపల. పందర్వీ చాల్ మే నేను అడుగుతాను. నువ్వు హాథ్ మిలా దేనా, చెయ్యి కలిపేయ్, బస్" అంది. నేను సరే అన్నాను. నేను నిజంగానే సరే అన్నాను మావయ్యా, అప్పుడు నా మనసులో వేరే ఏదీ లేదు. ఇలా ముందే మాట్లాడుకోవడం తప్పని ఇద్దరికీ తెలుసు. పట్టుబడితే ఇద్దరినీ పోటీ నుంచి తీసేస్తారు. అయినా అందరూ చేస్తారులే అనుకున్నాం.

పదిహేనో ఎత్తుకి దీదీ రాజుని బి1 కి పెట్టి, చిన్నగా "డ్రా?" అంది. కాగితం మీద గుర్తు పెట్టింది. నేను జవాబు చెప్పలేదు. తల దించుకుని మంత్రిని ఎ5 కి తెచ్చాను. పోటీ చూసే ఆఫీసరు మా బల్ల పక్కనే నిలబడ్డాడు. ఆయనకి అనుమానం రాకుండా నేను రెండు ఎత్తులు ఆడుతున్నాననుకుంది దీదీ. అందుకే రాజుని మూలకి జరిపి నా మొహం వైపు చూసింది. నేను రెండో ఏనుగుని మొదటిదాని వెనక పెట్టాను. ఆఫీసరు వెళ్ళిపోయాడు. దీదీ రాజుని మళ్ళీ వెనక్కి తెచ్చింది, నా వైపు చూసి కొంచెం నవ్వింది. ఇప్పుడు నువ్వు అడుగు అన్నట్టు. నేను ఏనుగుతో సి3 గడిలో గుర్రాన్ని కొట్టాను.

దీదీ చాలాసేపు పెన్ను మూత పెట్టింది, తీసింది. తర్వాత ఆడింది. ముప్ఫై ఒకటో ఎత్తు దాకా ఎందుకు ఆడిందో నాకు తెలియదు. చివర్లో చెయ్యి ఇచ్చింది. చల్లగా ఉంది.

మీరు ఎందుకు అని అడుగుతారు. నేను రోజూ నన్ను అడుగుతాను. నాకు అవసరం వచ్చింది మావయ్యా. అవసరం వచ్చాక నాకు దీదీ కనబడలేదు, ఇచ్చిన మాట కనబడలేదు. ఇంతకంటే వేరే కారణం నా దగ్గర లేదు.

మీరు జవాబు రాయకపోయినా నేను ఏమీ అనుకోను.

రోహిణి


మరోదా
16 జూన్ 2024

అమ్మా రోహిణీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు కోపంతో చదివాను. ఒకసారైతే చింపేద్దామని చేతిలోకి తీసుకున్నాను కూడా. నాలుగోసారి ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. అవసరం.

నాకు బుర్ర లేదు తల్లీ. ఆ జనవరిలోనే కదా రాజేంద్రకి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో మంచం పక్కన మీ అమ్మ స్టూలు మీద కూర్చుని నిద్రపోతుండడం నేను నా కళ్ళతో చూశాను. మీ తమ్ముడికి ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. ఆ తర్వాత నెలన్నరకే ఈ పోటీ. డ్రా ఒప్పుకుంటే రెండు కొలువులూ మీవే అని కాగితం మీద ఉన్నా, మధ్యలో ఎవడు అడ్డుపడతాడో, పాయింట్లు ఎలా లెక్కేస్తారో ఎవరికి తెలుసు. గెలిస్తే మాత్రం నీది ఖాయం. ఆ పూట నీ కళ్ళకి కనబడింది అరుణ కాదు, మీ నాన్న మంచం. అవసరంలో ఉన్న మనిషిని నేనేమీ అనలేను. నేనూ ఈ భిలాయికి వచ్చిన కొత్తలో, గేటు దగ్గర కూలీలని తీసుకునే రోజుల్లో, మా ఊరి నుంచి నాతో వచ్చినవాణ్ణి మోచేత్తో తోసి ముందుకెళ్ళినవాణ్ణే. వాడు వెనక్కి రాజాం వెళ్ళిపోయాడు. నేను ఉండిపోయాను. తోసినప్పుడు వాడి మొహం చూడలేదు, ఎందుకంటే నాకు ఆకలి.

మీ అత్తకి అంతా చెప్పాను. ఏడ్చింది. నీమీద కోపంతో కాదు. "గుంట ఎంత నలిగిపోనాదో ఇన్నాళ్ళూ. అవసరం మనిసి సేత ఏటైనా సేయిస్తాది. సంవత్సరీకానికి రమ్మని రాయి. మా గుంట తినీవన్నీ దానికి ఒండి ఎడతాను" అంది. అప్పటికప్పుడు గుమ్మడి వడియాలు ఎన్నున్నాయో డబ్బాలు మూతలు తీసి చూసుకుంది. వచ్చే సెప్టెంబరు పదకొండు, బుధవారం. సెలవు పెట్టుకుని రా.

నీ సంగతి ఇలా తేలింది కానీ నాది తేలలేదు. అది అడిగింది. అడిగిన పిల్లని అడగలేదని తిట్టాను. పొగరన్నాను. నమ్మి కూర్చున్నందుకు ఓడిపోయినదాన్ని పట్టుకుని పొగరన్నాను. పదకొండు రోజులు నా ఎదురుగా కూర్చుని అన్నం తిని, కంచం కడుక్కుని లేచిపోయేది. నా చొక్కాలు ఇస్త్రీ చేసి మేకుకి తగిలించేది. ఒక్కసారి, ఒక్కసారైనా "నాను అడిగినాను నాన్నా" అని నా చెవిలో అరిచి ఉంటే సరిపోయేది. ఎందుకు అనలేదో అర్థం కావడం లేదు. ఆ రోజు ఆట అయ్యాక మీరిద్దరూ కలిసే బస్సులో వచ్చారు కదా. నీతో ఏమైనా అందా? అంటే రాయి. ఎంత చిన్న మాటైనా రాయి.

నువ్వు ఆరోగ్యం చూసుకో. ఒడియా అమ్మాయిల వంట నీకు పడుతోందా లేదా అని మీ అత్త అడుగుతోంది.

మావయ్య
చినబాబు


ఖుర్దా రోడ్
4 ఆగస్టు 2024

మావయ్యగారికి,

మీ ఉత్తరం వచ్చి ఆరు వారాలయింది. జవాబు రాయలేకపోయాను. ఎందుకో ఇప్పుడు రాస్తాను.

మీ అక్షరం నాకు తొందరగా అందదు. అందుకని మా ఆఫీసులో దక్షిణామూర్తిగారని పలాస ఆయన ఉన్నారు, హెడ్ క్లర్కు, ఆయన్ని చదివి పెట్టమన్నాను. మొదటి పేజీ చదివారు. మీరు నన్ను ఏమీ అనలేదని విని నేను కుర్చీలోనే ఏడ్చేశాను. ఆయన నీళ్ళు తెచ్చిచ్చారు. "మీ మావయ్యగారు చాలా పెద్ద మనసున్నవారమ్మా, అవసరం వచ్చి చేశావని అర్థం చేసుకున్నారు" అన్నారు. నేను అవునండీ, నాకు అవసర్ దొరికింది, వదల్లేకపోయాను అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "అవసరం అంటే జరూరత్ కదమ్మా. నువ్వు చెప్పేది మౌకా. దాన్ని తెలుగులో అవకాశం అంటాం" అన్నారు. ఉత్తరం మడిచి నా చేతికిచ్చేశారు. రెండో పేజీ చదవలేదు. నేనే వారం రోజులు కూడబలుక్కుని చదువుకున్నాను.

మావయ్యా, నేను హిందీలో రాసుకున్నది అవసర్. దాన్ని తెలుగులోకి దించి అవసరం అని రాశాను. రెండూ ఒకటే అనుకున్నాను. నాకు ఏ అవసరమూ లేదు. నాన్నకి జబ్బు చేసింది నిజమే, కానీ పోటీ రోజుకి ఇంటికొచ్చేశారు, లేచి కూర్చుంటున్నారు. ఆయన పెన్షన్ ఉంది, అన్నయ్య నాగ్‌పూర్ నుంచి పంపిస్తున్నాడు. మా ఇంట్లో నా జీతం కోసం ఎవరూ చూడటం లేదు. నేను గెలవకపోయినా, ఉద్యోగం రాకపోయినా, మా ఇంట్లో రెండు పూటలా వంట అవుతుంది. అవసరం ఉన్నది దీదీకి. మీ ఇంటికి.

నాకు కనబడింది మౌకా. వసారాలో మీ దగ్గర నేర్చుకున్న రోజు నుంచి దీదీని నేను ఒక్కసారీ గెలవలేదు. ఒక్కసారీ. మీరు నా తల నిమిరి "ఇంకో ఏడాదికి గెలుస్తావులే" అనేవారు, దీదీ నవ్వేది. ఆ రోజు దీదీ రాజుని మూలకి పెట్టగానే బోర్డు మీద గెలుపు కనబడింది. దీదీని గెలవడం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అంతే. ఉద్యోగం కూడా గుర్తు లేదు.

ఈ సంగతి రాయకుండా ఉండిపోదామనుకున్నాను. ఆరు వారాలు అదే అనుకున్నాను. మీరు రాసింది నాకు చాలా బాగుంది. ఎవరూ అడగరు, దక్షిణామూర్తిగారు మీకు తెలియరు, అత్త వడియాలు వేయించి పెడుతుంది. కానీ మీ రెండో పేజీలో ఒక ప్రశ్న ఉంది. దానికి జవాబు రాస్తే ఇదీ రాయాలి. రాయకపోతే అదీ రాయకూడదు.

ఆట అయ్యాక దీదీ నాతో మాట్లాడిన మొదటి మాట, చివరి మాట రాయపూర్ బస్టాండులోనే. బస్సులో మాట్లాడలేదు. "నాన్నకి చెప్పకు. ముందే మాట్లాడుకున్నామని తెలిస్తే ఆయన ఊరుకోరు, రైల్వేవాళ్ళకి ఉత్తరం రాసేస్తారు. నీది కూడా పోతుంది. ఏక్ తో రహే" అంది. ఒకరికైనా ఉండనీ. అందుకే దీదీ మీకు చెప్పలేదు మావయ్యా. డ్రా అడిగానని మీతో అంటే, మరి రోహిణి ఎందుకు ఒప్పుకోలేదు, ఒప్పుకుంటుందని నువ్వెందుకు కూర్చున్నావు అని మీరు లాగుతారు. దీదీకి మీరు తెలుసు.

నన్ను రమ్మనకండి.

రోహిణి


మరోదా
17 ఆగస్టు 2024

రోహిణీ,

నీ ఉత్తరం ఒక్కసారే చదివాను.

ఆ మాటలో తప్పు నీ ఒక్కదానిదే కాదు. హిందీ మాటకి తెలుగు గుడ్డ కట్టి పంపుతావని నాకు ముందే తెలుసు. శిక్ష దగ్గర పట్టుకున్నాను, నవ్వాను. అవసరం దగ్గర పట్టుకోలేదు. పట్టుకోవాలని నాకు లేదు, అందుకు. అరుణని మోసం చేసింది నువ్వు కాదు, పేదరికమో పక్షవాతమో అనుకుంటే నాకు నిద్ర పట్టేది. రెండు నెలలు పట్టింది కూడా.

నీమీద కోపం ఉంది. పోతుందని చెప్పలేను. పోగొట్టుకోవాలనీ లేదు.

కానీ నేను రోజంతా కూర్చుని ఆలోచిస్తున్నది నీ గురించి కాదు. అరుణ నోరు మూసుకున్నది నేను ఉత్తరం రాస్తానని. నిజమే. రాసేవాణ్ణే. ఆ సాయంత్రం నాకు తెలిసి ఉంటే మర్నాడు పొద్దున్నే పోస్టాఫీసు తలుపు తీయకముందే మెట్ల మీద ఉండేవాణ్ణి. తప్పు జరిగితే పై వాళ్ళకి రాయడం, రూలు రూలే అనడం, అదే కదా నా గొప్ప. యూనియన్లో, తెలుగు సంఘంలో, అన్నిచోట్లా అదే చేశాను. అది పుట్టినప్పటినుంచి నన్ను చూస్తోంది. తండ్రికి నిజం చెబితే పక్కపిల్ల అన్నం పోతుందని దానికి తెలుసు. తండ్రి ఇలాంటివాడని తెలిసిన పిల్ల ఇంట్లో ఎంత ఒంటరిగా ఉండి ఉంటుందో, అది నేను ఇన్నేళ్ళూ చూడలేదు. పదకొండు రోజులు నేనేదో శిక్ష వేస్తున్నాననుకున్నాను. అది నా దగ్గర నుంచి నిన్ను కాపాడుతోంది.

ఇప్పుడు నేను రాస్తే నీ కొలువు పోతుంది. షీటు నా దగ్గరుంది. నీ చేత్తో రాసిన ఉత్తరాలున్నాయి. రైల్వేవాళ్ళకి రాయడం మొదలుపెట్టాను కూడా, దాచడమెందుకు. తేదీ వేసి, అయ్యా అని రాసి, ఆగాను. రెండు రోజులు ఆ కాగితం బల్ల మీదే ఉంది. మీ అత్త దాని మీద మంచినీళ్ళ చెంబు పెట్టి పెట్టి ఒక చక్రం పడింది. తర్వాత చింపేశాను. నీ ఉత్తరాలు కూడా పొయ్యిలో వేశాను. షీటు మాత్రం ఉంచుకున్నాను.

నీకోసం కాదు. ఒకరికైనా ఉండనీ అని అది అంది. బతికున్నప్పుడు అది నన్ను ఏదీ అడగలేదు, అడిగినా నేను ఇవ్వననుకుంది. ఇదొక్కటి నన్ను అడగకుండానే నాకు వదిలిపోయింది. దీన్నీ కాదంటే నేను దానికి ఏమీ కాను. కాబట్టి నీ ఉద్యోగం నువ్వు చేసుకో. ఎవరికీ తెలియదు. దక్షిణామూర్తిగారితో ఇక ఈ మాట ఎత్తకు.

రమ్మనకండి అని రాశావు. రావాలి.

మీ అత్తకి నేను చెప్పలేదు. చెప్పను. ఆమె దగ్గర అవసరం అవసరంగానే ఉంది. కూతురు పోయాక ఆమెకి మనసు కుదుటపడినది ఆ ఒక్క మాటతోనే. పాపం రోహిణి, పాపం వాళ్ళ నాన్న అని ఇరుగుపొరుగుకి చెప్పుకుంటూ తిరుగుతోంది. నువ్వు రాకపోతే ఎందుకు రాలేదని నన్ను అడుగుతుంది, నేను చెప్పేవరకూ వదలదు. ఆమె నోట్లోంచి ఆ మాట లాగేయడం నా వల్ల కాదు. నీ వల్ల కూడా కాకూడదు.

కాబట్టి సెప్టెంబరు పదకొండున పొద్దున్న బండికి దిగు. ఆమె నిన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. అరుణకి ఇష్టమైనవన్నీ ఒక్కొక్కటే నీ ఆకులో వడ్డిస్తుంది. మీ నాన్నకి ఎలా ఉంది తల్లీ, ఇల్లు గడుస్తోందా అని అడుగుతుంది, నీ తల నిమురుతుంది. నువ్వు జవాబు చెప్పాలి. ఆకులో ఏదీ మిగల్చకుండా తినాలి.

ఆ తర్వాత నాకు ఉత్తరాలు వద్దు.

చినబాబు